ఆర్‌సీఎస్ ఓపెన్ స్టాండర్డే కదా, మరి సొంత యాప్ ఎందుకు తగిలించలేం?

చిగురాకు:
మా సంఘంలో రెండు వందల మంది లోపు సభ్యులున్నారు. కొందరివి ఐఫోన్లు, కొందరివి ఆండ్రాయిడ్‌లు. ఒక్క కంపెనీ యాప్ మీద అందరం వేలాడకుండా, ఎవరికి నచ్చిన యాప్‌తో వాళ్లు మాట్లాడుకునే ఏర్పాటు చేయాలని ఉంది. ఆర్‌సీఎస్, అంటే ఎస్సెమ్మెస్ స్థానంలో ఫోటోలూ గ్రూపులతో వచ్చిన సందేశ పద్ధతి, ఓపెన్ స్టాండర్డ్ అంటారు, స్పెసిఫికేషన్ కాగితాలు మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్‌ఎంఏ ఉచితంగానే ఇస్తోంది. తీరా వెతికితే, ఫోన్ తయారీదారుల యాప్‌లు, గూగుల్ మెసేజెస్ తప్ప ఆర్‌సీఎస్ పంపే యాప్ కనిపించడం లేదు. స్టాండర్డ్ అందరిదీ అయినప్పుడు యాప్ ఎవరైనా ఎందుకు రాయలేకపోతున్నారు? లోపం ఎక్కడుంది?

తంత్రీజాలం:
స్పెక్ చదవగలగడం వేరు, నెట్‌వర్కులోకి అడుగు పెట్టగలగడం వేరు. ఆర్‌సీఎస్ ఫోనులో ఎలా మొదలవుతుందో వరసగా చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది.

ముందు ఫోను ఆపరేటరు తాలూకు కాన్ఫిగరేషన్ సర్వరును అడుగుతుంది. ఆ సర్వరు పేరులోనే సిమ్ కార్డు దేశం కోడు, నెట్‌వర్క్ కోడు ఉంటాయి. నంబరు మీదేనని సిమ్ ద్వారా గానీ, ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడు ద్వారా గానీ రుజువు చేసుకున్నాక, ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఇస్తుంది. ఐఎంఎస్ సర్వరు (ఆపరేటరు తాలూకు కాల్స్, సందేశాలు నడిపేది) చిరునామా, లాగిన్ వివరాలు, ఫైలు ఎంత పెద్దదైతే ఒప్పుకుంటారో ఆ హద్దులు అన్నీ అందులోనే. ఆ తర్వాత సిప్ రిజిస్ట్రేషన్, అంటే ఆ సర్వరులో హాజరు వేయించుకోవడం. ఆపైన అవతలి నంబరుకు ఆర్‌సీఎస్ ఉందా లేదా అని కనుక్కునే విచారణ. అప్పుడు గానీ ఎంఎస్‌ఆర్‌పీ అనే పద్ధతి మీద మాట, వెబ్‌లో వాడే హెచ్‌టీటీపీ మీద ఫోటో కదలవు. చేరింది, చదివారు అనే గుర్తులు ఐఎండీఎన్ అనే మరో పద్ధతిలో వస్తాయి. వీటిలో ప్రతి ముక్కా అచ్చయి ఉంది, ఎవరైనా రాయొచ్చు. కానీ మొదటి మెట్టు దగ్గర ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఎవరికివ్వాలో ఆపరేటరే నిర్ణయిస్తాడు. ఆండ్రాయిడ్‌లోనేమో ఎస్సెమ్మెస్‌కు ఉన్నట్టు, మామూలు యాప్ వాడుకోగల బహిరంగ ఆర్‌సీఎస్ ఏపీఐ (యాప్‌లు వాడుకునే ద్వారం) లేదు. ఇంటి ప్లాను అందరికీ పంచి, గేటు తాళంచెవి మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నట్టు.

చాలామంది ఆపరేటర్లు ఆ సర్వర్లను సొంతంగా నడపడం లేదు కూడా. గూగుల్ 2015లో కొన్న జైబ్ సంస్థ క్లౌడ్ మీదే నడిపిస్తున్నారు. కాగితం మీద ఎన్నో నెట్‌వర్కులు, నడిచే చోటేమో చాలావరకు ఒకటే.

గుప్తాక్షరి:
తంత్రీజాలం గారు చెప్పినదానికి ఎన్‌క్రిప్షన్ సంగతి కలుపుతాను. 2016 నవంబరులో యూనివర్సల్ ప్రొఫైల్, అంటే ఆపరేటర్లందరికీ ఒకే ఆర్‌సీఎస్ నమూనా, వచ్చినప్పుడు అందులో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప మరెవరూ చదవలేని తాళం) లేదు. గూగుల్ తన యాప్‌లో సిగ్నల్ ప్రోటోకాల్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని పైపొరగా వేసుకుంది. రెండు వైపులా గూగుల్ మెసేజెస్ ఉంటేనే అది పనిచేసేది, ఎందుకంటే అది స్టాండర్డ్‌లో భాగం కాదు. అందుకే 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఐఫోన్‌కు ఆర్‌సీఎస్ వచ్చినప్పుడు, ఐఫోన్‌కూ ఆండ్రాయిడ్‌కూ మధ్య నడిచే మాటలకు తాళం లేకపోయింది. ఫోటో నాణ్యత బాగుపడింది, టైపు చేస్తున్నారన్న గుర్తు వచ్చింది, గోప్యత మాత్రం రాలేదు. 2025 మార్చిలో విడుదలైన యూనివర్సల్ ప్రొఫైల్ 3.0 ఆ లోటు తీర్చడానికి గ్రూపుల ఎన్‌క్రిప్షన్ కోసం చేసిన ఎంఎల్‌ఎస్ ప్రోటోకాల్‌ను స్టాండర్డ్‌లోకే తెచ్చింది. అయితే స్పెక్‌లోకి రావడం, ఆపరేటరు దాన్ని నడపడం, ఫోను దాన్ని వాడడం మూడు వేరు వేరు దశలు. సంభాషణ తెర మీద తాళం గుర్తు కనపడితేనే ఉందనుకోండి.

చిగురాకు:
అంటే మా పనికి ఆర్‌సీఎస్ కుదరదన్నమాట. మరి ఎవరి సర్వరు వాళ్లు నడుపుకునే ఓపెన్ చాట్ పద్ధతి ఎక్స్‌ఎంపీపీ సంగతి? పాతదనీ, గూగుల్ దాన్ని చంపేసిందనీ అంటుంటారు.

సర్వరుమేస్త్రి:
చావలేదు. ఏం జరిగిందో సరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే మీ నిర్ణయానికి ఆ చరిత్రే ముఖ్యం. 1999లో జాబర్‌గా మొదలైంది, 2004లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వారి ఆర్‌ఎఫ్‌సీ పత్రాలుగా స్థిరపడింది. ఎక్స్‌ఎంపీపీ మీద నడిచే గూగుల్ టాక్ 2005లో వచ్చింది, 2006 జనవరిలో ఇతర సర్వర్లతో కలిసింది. ఆనాడు సొంత డొమైన్‌లో ఉన్నవాడు జీమెయిల్ వాడితో నేరుగా మాట్లాడగలిగేవాడు. 2013లో హ్యాంగౌట్స్ వచ్చింది, అది బయటి సర్వర్లతో మాట్లాడదు. యూజర్లు ఒక్కొక్కరే హ్యాంగౌట్స్‌కు మారిన కొద్దీ బయటివాళ్ల కాంటాక్టు జాబితాల్లో ఆ పేర్లు ఏ హెచ్చరికా లేకుండా ఆఫ్‌లైన్ అయిపోయాయి. సర్వరుకూ సర్వరుకూ మధ్య కనెక్షన్‌కు తాళం వేసే టీఎల్‌ఎస్‌ను గూగుల్ ఏనాడూ ఇవ్వలేదు. 2014 మేలో మిగతా సర్వర్లు టీఎల్‌ఎస్ తప్పనిసరి చేసుకోవడంతో ఆ కాస్త దారీ తెగింది.

ఇక్కడ స్పెక్‌లో ఒక్క అక్షరం మారలేదు. అందరికంటే పెద్ద సర్వరు వెళ్లిపోయింది, అంతే. కాబట్టి ఏ వ్యవస్థనైనా తూచేటప్పుడు నేను అడిగేవి ఇవి: సర్వరు నేను నడపొచ్చా? నా సర్వరును పక్క సర్వరు ఎవరి అనుమతీ లేకుండా అంగీకరిస్తుందా? రేపు నేను మకాం మారిస్తే నా చిరునామా నాతో వస్తుందా? ఆర్‌సీఎస్‌లో మొదటి రెండింటికీ కాదనే జవాబు, మూడోదానికి నంబరు పోర్టు చేసుకునేంత వరకే అవును. ఎక్స్‌ఎంపీపీలో మొదటి రెండింటికీ అవును. మూడోదానికి, సొంత డొమైన్ ఉంటేనే అవును. ఎవరిదో ఉచిత సర్వరులో ఖాతా తెరిస్తే ఆ సర్వరు మూతపడిన రోజున చిరునామా కూడా పోతుంది. అందుకే చిగురాకు గారూ, యాప్ ఏదన్నది తర్వాత. ముందు ఒక డొమైన్ సంఘం పేరు మీద కొనండి, ఒక్క వ్యక్తి పేరు మీద వద్దు.

వాట్సాప్ కూడా మొదట్లో ఈజాబర్డీ అనే ఓపెన్ సర్వరు మీద, మార్చుకున్న ఎక్స్‌ఎంపీపీతోనే నడిచింది. లోపల ఓపెన్ సాంకేతికత ఉన్నంత మాత్రాన బయటివాడికి ద్వారం ఉండదని చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

లిపికుడు:
డేటా లేని సభ్యులకు ఎస్సెమ్మెస్ పంపాలని మీ ఆలోచనలో ఉంటే ఒక లెక్క ముందే చూసుకోండి. ఒక ఎస్సెమ్మెస్‌లో సరుకు 140 బైట్లు. ఏడు బిట్ల జీఎస్‌ఎం అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి చేరినా మొత్తం సందేశం ఒక్కో గుర్తుకు రెండు బైట్లు తీసుకునే యూసీఎస్ 2కు మారి హద్దు 70కి పడిపోతుంది. అంతకు మించితే ముక్కలు చేయాలి, ప్రతి ముక్కకూ 6 బైట్ల హెడరు పోగా మిగిలేది 67. అంటే 71 అయితే రెండు ఎస్సెమ్మెస్‌లు.

పైగా అది మనం కంటితో లెక్కపెట్టే అక్షరాల హద్దు కాదు, యూనికోడ్ గుర్తుల హద్దు. స్త్రీ అనేది చూడ్డానికి ఒక్క అక్షరం, లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. సభ్యులందరికీ నమస్కారం అన్న రెండు మాటలకే 21 అయిపోతాయి. పొల్లు దగ్గర అక్షరాలు కలవకుండా ఆపే కనపడని గుర్తు ఒకటి కీబోర్డులు చేరుస్తుంటాయి, అదీ ఒకటిగా లెక్కే. ఎమోజీలైతే చాలావరకు ఒక్కోటి కనీసం రెండు.

దీనికి స్టాండర్డ్‌లోనే మందు ఉంది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి 23.038 పత్రంలో తెలుగుకు సొంత ఏడు బిట్ల పట్టిక ఉంది, దాని సంఖ్య 12. దాన్ని వాడితే ఒక ఎస్సెమ్మెస్‌లో 155 గుర్తులు పడతాయి. కానీ పంపే ఫోనూ, అందుకునే ఫోనూ రెండూ ఆ పట్టికను ఎరిగి ఉండాలి. ఎరగని ఫోనులో సందేశం అర్థం కాని అక్షరాల కుప్పగా దిగుతుంది. అవతలి ఫోనుకు ఆ పట్టిక తెలుసో లేదో ముందుగా అడిగే పద్ధతి ఎస్సెమ్మెస్‌లో లేదు కాబట్టి, ప్రకటనలు పంపేటప్పుడు యూసీఎస్ 2 మీదే ఉండడం క్షేమం. అచ్చులో ఉన్న సదుపాయం అమలులో లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగా అనిపించే విషయం.

చిగురాకు:
లిపికుడు గారూ, ఆ 67 లెక్క నాకు తెలియదు, ధన్యవాదాలు. సర్వరుమేస్త్రి గారూ, ఎక్స్‌ఎంపీపీ సర్వరు పెట్టాలంటే ఏమేం కావాలి? ఫోను జేబులో ఉన్నప్పుడు సందేశాలు ఆలస్యంగా వస్తాయని విన్నాను.

సర్వరుమేస్త్రి:
రెండు వందల మందికి ప్రోసడీ అనే ఎక్స్‌ఎంపీపీ సర్వరు సాఫ్ట్‌వేర్ చాలు. 1 జీబీ మెమరీ ఉన్న చిన్న వర్చువల్ సర్వరు మీద హాయిగా నడుస్తుంది. ఫైర్‌వాల్‌లో తెరవాల్సిన పోర్టులు: ఫోనులు వచ్చే 5222, ఇతర సర్వర్లు వచ్చే 5269, ఫైళ్లకు 5281. డీఎన్‌ఎస్‌లో క్లయింటుకూ, సర్వరుకూ చెరొక ఎస్‌ఆర్‌వీ రికార్డు (సేవ ఏ యంత్రంలో, ఏ పోర్టులో ఉందో చెప్పేది) పెట్టండి. కొన్ని వైఫై నెట్‌వర్కులు 5222ను అడ్డుకుంటాయి. అలాంటి చోట్ల పనిచేయాలంటే 443 మీద నేరుగా టీఎల్‌ఎస్ ఇచ్చి, దానికి వేరే ఎస్‌ఆర్‌వీ రికార్డు జోడించాలి.

ఎక్కువమంది తడబడేది సర్టిఫికెట్ దగ్గర. ప్రధాన డొమైన్‌తో పాటు గ్రూపుల సబ్‌డొమైన్‌కూ, ఫైళ్ల సబ్‌డొమైన్‌కూ సర్టిఫికెట్ ఉండాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 90 రోజుల సర్టిఫికెట్ తనంతట తాను కొత్తదైపోతుంది, కానీ దాని ప్రైవేటు కీ ఫైలును రూట్ (యంత్రం మీద పూర్తి అధికారమున్న ఖాతా) తప్ప ఎవరూ చదవలేరు. ప్రోసడీ నడిచేది మామూలు యూజరుగా. ఫలితంగా మొదటి మూడు నెలలు అంతా బాగుంటుంది, ఒకరోజు ఫోనులన్నీ ఒక్కసారిగా కనెక్ట్ కావు. సర్టిఫికెట్ కొత్తదైన ప్రతిసారీ ప్రోసడీసీటీఎల్ సెర్ట్ ఇంపోర్ట్ ఆదేశం నడిచేలా సర్టిఫికెట్‌ను కొత్తది చేసే సర్ట్‌బాట్ ప్రోగ్రాము డిప్లాయ్ హుక్‌లో రాసి పెట్టండి. ప్రోసడీసీటీఎల్ చెక్ ఆదేశం డీఎన్‌ఎస్, సర్టిఫికెట్, కాన్ఫిగ్ మూడింటినీ తనిఖీ చేస్తుంది, మార్పు చేసినప్పుడల్లా నడపండి.

ఆలస్యం సంగతికి వస్తే, నాలుగు మాడ్యూళ్లు లేకుండా ఫోనులో ఎక్స్‌ఎంపీపీ వాడొద్దు. స్మాక్స్ అనేది నెట్ తెగి మళ్లీ కలిసినప్పుడు మధ్యలో జారిన సందేశాలను తిరిగి పంపుతుంది, మామూలుగా పది నిమిషాల పాటు సెషన్‌ను పట్టుకుని ఉంచుతుంది. కార్బన్స్ ఉంటే ఫోనులో పంపింది కంప్యూటరులోనూ కనపడుతుంది. మామ్ పాత సందేశాలను సర్వరులో దాస్తుంది. అది మామూలుగా ఒక వారమే ఉంచుతుంది, మీరు నెలకో రెండు నెలలకో పెంచుకోండి, లేకపోతే పది రోజులు ఫోను తెరవని సభ్యుడికి కొన్ని సందేశాలు ఎప్పటికీ రావు. నాలుగోది క్లౌడ్ నోటిఫై, నిద్రపోతున్న ఫోనును లేపేది. పాత విడుదలల్లో దీన్ని విడిగా దించుకోవాలి. ఫైళ్ల మాడ్యూలు హద్దు కూడా మామూలుగా 10 ఎంబీ, నిల్వ ఒక వారం. వీడియోలు పంపేవాళ్లుంటే ఆ రెండూ మార్చాలి.

ఐఫోన్ వాళ్లకు మోనల్, ఆండ్రాయిడ్ వాళ్లకు కాన్వర్సేషన్స్ యాప్ ఇవ్వండి.

మూడోపోర్టు:
ఒక మాట దాచకూడదు. ఐఫోన్‌లో ఏ యాప్ అయినా, అది ఎంత ఓపెన్ అయినా, నేపథ్యంలో కనెక్షన్ పట్టుకుని కూర్చోలేదు. మీ సర్వరు యాప్ రచయిత నడిపే పుష్ సర్వరుకు చెబుతుంది, అది యాపిల్ పుష్ సేవకు చెబుతుంది, అది ఫోనును లేపుతుంది. క్లౌడ్ నోటిఫైలో సందేశం పాఠం వెళ్లకుండా ఉండడమే మామూలు అమరిక, దాన్ని మార్చకండి. పాఠం వెళ్లకపోయినా ఏ సమయంలో కబురు వచ్చిందన్నది ఆ దారిలో తెలుస్తుంది. ఆండ్రాయిడ్‌లో కాన్వర్సేషన్స్ సొంత కనెక్షన్ ఉంచుకోగలదు, అందుకు దాన్ని బ్యాటరీ పొదుపు నుంచి మినహాయించాలి. యూనిఫైడ్‌పుష్ అనే ఓపెన్ పద్ధతి కూడా ఉంది, సొంత సర్వరు నుంచే ఫోనును లేపొచ్చు. ఐఫోన్‌కు అలాంటి దారి లేదు.

గుప్తాక్షరి:
రెండు వందల మంది గ్రూపుకు నేనైతే ఎక్స్‌ఎంపీపీ చెప్పను, సొంత సర్వర్లతోనే నడిచే మరో ఓపెన్ పద్ధతి మ్యాట్రిక్స్ చెబుతాను. కారణం ఎన్‌క్రిప్షన్ పనిచేసే తీరు.

ఎక్స్‌ఎంపీపీలో ఒమెమో అనే ఎన్‌క్రిప్షన్ వాడితే ప్రతి సందేశానికీ ఒక కొత్త కీ, దాన్ని ప్రతి సభ్యుడి ప్రతి పరికరానికీ విడివిడిగా మూసి పంపాలి. రెండు వందల మందికి తలా మూడు పరికరాలనుకోండి, సరే అని ఒక్క మాట రాస్తే దాంతో పాటు ఆరు వందల కీ ముక్కలు వెళ్తాయి. రెండు అక్షరాల జవాబు పదుల కిలోబైట్లవుతుంది. మ్యాట్రిక్స్‌లోని మెగాల్మ్ పద్ధతి వేరు. పంపేవాడు ఒక సెషన్ కీని పరికరాలన్నిటికీ ఒకసారి పంచి, ఆపైన సందేశాలను దాంతోనే మూస్తాడు. మామూలు అమరికలో వంద సందేశాలకు గానీ వారానికి గానీ కీ మారుతుంది. పెద్ద గ్రూపుకు ఇదే నిలబడుతుంది.

సర్వరుమేస్త్రి:
ఆ లెక్క ఒప్పుకుంటాను. పెద్ద గ్రూపులో ఒమెమో బరువే. ఇంకో చిక్కు కూడా ఉంది: గది సభ్యులకు మాత్రమే అయి, అందరి అసలు చిరునామాలూ కనపడేలా ఉంటేనే ఒమెమో తాళం పనిచేస్తుంది. గదిని ఎవరైనా చేరేలా తెరిచి, తాళం ఎందుకు రావడం లేదని అడిగేవాళ్లు చాలామంది. కొత్త పరికరం జోడించినవాడికి పాత సందేశాలు తెరుచుకోవు, అవి ఆ పరికరం కోసం మూసినవి కావు కాబట్టి.

కానీ మ్యాట్రిక్స్ నడపడం ఖర్చు. మ్యాట్రిక్స్ సర్వరు సాఫ్ట్‌వేర్ సినాప్స్‌కు చిన్న డేటాబేసు ఎస్‌క్యూలైట్ పనికిరాదు, పోస్ట్‌గ్రెస్ తప్పదు. మీ సర్వరులోని ఒక్క సభ్యుడు బయట ఏదో వేల మంది ఉన్న గదిలో చేరితే, ఆ గది స్థితి మొత్తం మీ సర్వరు మోయాలి. డేటాబేసులో గదుల స్థితిని దాచే స్టేట్ గ్రూపుల పట్టిక ఊహించనంత పెరుగుతుంది.

గుప్తాక్షరి:
నిజమే, అందుకే సంఘం సర్వరులో బయటి పెద్ద గదుల్లో చేరడాన్ని అడ్డుకునే అమరిక పెట్టండి. గదుల సంక్లిష్టతకు హద్దు పెట్టే వీలు సినాప్స్‌లోనే ఉంది. రిజిస్ట్రేషన్ తెరిచి ఉంచకండి, టోకెన్‌తోనే చేర్చుకోండి, లేదంటే స్పామ్ ఖాతాలు నిండిపోతాయి. సర్వరు పేరు మొదట్లో ఏది పెడితే అదే శాశ్వతం, తర్వాత మార్చడం కుదరదు. కాబట్టి సబ్‌డొమైన్ పేరు కాకుండా ప్రధాన డొమైన్‌నే పేరుగా పెట్టి, ఆ డొమైన్ వెబ్‌సైటులో ఉంచే వెల్‌నోన్ ఫైలు ద్వారా అసలు యంత్రానికి దారి చూపండి. అప్పుడు ఇతర సర్వర్లు వచ్చే 8448 పోర్టు తెరవాల్సిన పనీ ఉండదు, 443 సరిపోతుంది.

సభ్యులకు నేర్పాల్సింది ఒక్కటే ఒకటి: రికవరీ కీ (పాత సందేశాలను తిరిగి తెరిచే తాళంచెవి) రాసి పెట్టుకోవడం. డీక్రిప్ట్ చేయలేకపోయాం అన్న గుర్తుకు చాలాసార్లు కారణం, ఆ సెషన్ కీ ఈ పరికరానికి రాకపోవడమే. ఫోను పోగొట్టుకుని రికవరీ కీ కూడా లేనివాళ్లకు పాత సందేశాలు ఎవరూ తెరిచి ఇవ్వలేరు, సర్వరు నడిపేవాళ్లు కూడా.

చిగురాకు:
మా సభ్యుల్లో చాలామంది వాట్సాప్ వదలరు. ఐరోపా చట్టం వల్ల వాట్సాప్ బయటివాళ్లతో కలవాల్సి వచ్చిందని విన్నాను. మ్యాట్రిక్స్ నుంచే వాళ్లకు పంపలేమా?

తంత్రీజాలం:
ఆ చట్టం డిజిటల్ మార్కెట్స్ యాక్ట్, ఏడో అధికరణ. 2023 సెప్టెంబరులో వాట్సాప్‌నూ, మెసెంజర్‌నూ అందులోకి తెచ్చారు. యాపిల్ ఐమెసేజ్‌ను పరిశీలించి 2024 ఫిబ్రవరిలో వదిలేశారు. మొదట ఇద్దరి మధ్య పాఠం, ఫోటోలు, ఫైళ్లు. రెండేళ్లకు గ్రూపులు. నాలుగేళ్లకు కాల్స్. వర్తించేది ఐరోపా వాడుకదారులకు మాత్రమే. పైగా బయటి సేవ వాట్సాప్ యజమాని మెటాతో ఒప్పందం చేసుకుని, మెటా ప్రచురించిన పద్ధతిలో వాళ్ల సర్వర్లకు తగిలించుకోవాలి, సిగ్నల్ ప్రోటోకాల్ గానీ, అంతే భద్రత ఉన్నదని చూపించిన మరొకటి గానీ వాడాలి. 2025 నవంబరులో బర్డీచాట్, హైకెట్ అనే రెండు సేవలు ఆ దారిలో మొదటగా కలిశాయి. సంఘం సర్వరు ఆ ఒప్పందం స్థాయికి చేరదు. గూగుల్ టాక్ నాటి ఫెడరేషన్‌తో, అంటే సర్వర్లు నేరుగా కలిసే పద్ధతితో పోలిస్తే ఇది అనుమతి అడిగి తెరిపించుకునే తలుపు, అయినా తలుపు లేకపోవడం కంటే మేలు.

అనుమతి లేకుండా దూరినవాళ్లకు ఏమవుతుందో 2023 డిసెంబరులో బీపర్ మినీ యాప్ చూపించింది. ఐమెసేజ్ ప్రోటోకాల్‌ను విప్పి ఆండ్రాయిడ్‌లో నడిపారు, కొద్ది రోజుల్లోనే యాపిల్ అడ్డుకుంది. రెండు వ్యవస్థలను కలిపే బ్రిడ్జిలు పెట్టుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. బ్రిడ్జి దగ్గర సందేశం విప్పి మళ్లీ మూస్తారు, కాబట్టి బ్రిడ్జి నడిచే యంత్రం మీది కాకపోతే తాళం ఉన్నా లేనట్టే.

గుప్తాక్షరి:
పెద్ద గ్రూపుల్లో కీలు పంచే చిక్కుకే ఎంఎల్‌ఎస్ పుట్టింది, 2023 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 9420గా వచ్చింది. సభ్యుల కీలను చెట్టులా అమరుస్తుంది. రెండు వందల మంది గ్రూపులో ఒకరిని తీసేస్తే మిగతా 199 మందికీ విడివిడిగా కొత్త కీ పంపనక్కరలేదు, చెట్టులో ఎనిమిది అంతస్తుల దారి మారిస్తే సరిపోతుంది. చెట్టులో ఖాళీ కొమ్మలు ఎక్కువైతే ఆ లాభం తగ్గుతుంది, అది వేరే సంగతి. అసలు కష్టం ఎక్కడంటే, ఒకే క్షణంలో ఇద్దరు మార్పు పంపితే ఒక్కదాన్నే అంగీకరించాలి, రెండోవారు మళ్లీ ప్రయత్నించాలి. ఒకే కంపెనీ సర్వరైతే ఆ వరస అదే నిర్ణయిస్తుంది. పది సర్వర్లు కలిసిన గదిలో ఎవరు నిర్ణయించాలి? ఐఈటీఎఫ్‌లో వేర్వేరు సందేశ సేవలను కలిపే ప్రమాణం రాస్తున్న మిమీ బృందం గదికి ఒక సర్వరును కూడలిగా పెట్టే పద్ధతి మీద పనిచేస్తోంది. ఎంఎల్‌ఎస్ ఒక్కటే చాలదు, చిరునామా, రవాణా, సందేశం ఆకారం కూడా ఒప్పందం కావాలి.

మూడోపోర్టు:
పాతదాన్ని వదిలి కొత్తదానికి వెళ్లే సభ్యులకు ఒక చిన్న పని. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు సిమ్ మార్చేవాళ్లు ముందుగా ఐఫోన్‌లోనే ఐమెసేజ్ ఆపేయాలి. ఫోను ఇప్పటికే చేయి దాటిపోతే యాపిల్ సైటులో నంబరు తొలగించే పేజీ ఉంది, ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడు ఇస్తే చాలు. లేదంటే ఐఫోన్ ఉన్నవాళ్లు పంపినవి పాత దారిలోనే పోయి, కొత్త ఫోనుకు చేరవు. ఆర్‌సీఎస్‌కూ గూగుల్ ఇలాంటి పేజీ ఇచ్చింది. వాట్సాప్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన పాఠం ఫైలు చదువుకోవడానికే, ఇంకో యాప్‌లోకి తిరిగి ఎక్కించుకునేది కాదు.

చిగురాకు:
అయితే మ్యాట్రిక్స్‌తోనే మొదలుపెడతాం, డొమైన్ సంఘం పేరు మీద. ప్రకటనల గదికి కూడా ఎన్‌క్రిప్షన్ పెట్టాలా?

సర్వరుమేస్త్రి:
ప్రకటనల గదికి వద్దు. అందరికీ తెలియాల్సిన సంగతులకు తాళం వేస్తే, కొత్తగా చేరినవారికి పాత ప్రకటనలు తెరుచుకోవు, సభ్యుల ఫిర్యాదుల్లో సగం దాని గురించే ఉంటాయి. కార్యవర్గం గదికి మాత్రం మొదటి రోజే పెట్టండి, ఎందుకంటే మ్యాట్రిక్స్ గదిలో ఎన్‌క్రిప్షన్ ఒకసారి ఆన్ చేశాక ఆపలేం, ఆన్ చేయకముందు రాసినవి తర్వాత మూసుకోవు. బ్యాకప్ తీసేటప్పుడు పోస్ట్‌గ్రెస్ డంప్‌తో పాటు సర్వరు సంతకానికి వాడే సినాప్స్ సైనింగ్ కీ ఫైలునూ, మీడియా ఫోల్డరునూ కలిపి తీయండి. సైనింగ్ కీ లేకుండా డేటాబేసు ఒక్కటే తిరిగి ఎక్కిస్తే మీ సర్వరు కొత్త కీతో లేస్తుంది. పాత కీతో సంతకం చేసిన సంఘటనలను కొత్తగా సరిచూడాల్సిన సర్వర్లకు ఆ కీ ఎక్కడా దొరక్క చిక్కులొస్తాయి.